కోనసీమ సచివాలయం నుంచి పబ్లిక్ పాలసీ మాస్టర్స్‌కి: దరఖాస్తులో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

మీరు రాసినదాన్ని బట్టి మీ పరిస్థితి ఇదండీ. మూడేళ్ల బీకాం, 64 శాతం. అమలాపురం దగ్గర గ్రామ సచివాలయంలో నాలుగేళ్లుగా వెల్ఫేర్ అసిస్టెంట్. గ్రూప్-2 రెండుసార్లు రాశారు, అందలేదు. ఇప్పుడు పబ్లిక్ పాలసీలోనో పబ్లిక్ అఫైర్స్‌లోనో మాస్టర్స్ చేద్దామని ఉంది. జీఆర్ఈ (అమెరికా మాస్టర్స్ ప్రవేశాలకు రాసే పరీక్ష) ఎంత రావాలి, ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకు కావాలో చెబుతూ రాసే వ్యాసం) నమూనా దొరుకుతుందా, డబ్బు ఎలా, ఉద్యోగానికి రాజీనామా చేయాలా అని నాలుగు అడిగారు. అదే వరసలో చెప్పడం లేదు, ఏమీ అనుకోకండి. వీటన్నిటిలోకీ చిన్న సంగతి జీఆర్ఈ. పెద్దది మీ సచివాలయం పని. దాన్నేమో ప్రశ్నలో ఒక్క ముక్కలో తేల్చేశారు.

ముందు కోర్సు సంగతి. ఇది గ్రూప్స్ కోచింగ్ కాదు, గ్రూప్స్ పోయినవాళ్లకు పక్కదారీ కాదు. ఎక్కడ చేరినా మొదటి ఏడాది మైక్రో ఎకనమిక్స్, స్టాటిస్టిక్స్, ప్రభుత్వ బడ్జెట్, విధాన విశ్లేషణ తప్పవు. ఇండియన్ పాలిటీ బట్టీ పట్టినంత మాత్రాన ఇందులో పైచేయి రాదు. పేర్ల తేడా కూడా తెలుసుకోండి. ఎంపీపీ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీ) అంటే విశ్లేషణ పాలు ఎక్కువ: ఈ పథకం పనిచేస్తోందా, లేకపోతే ఎందుకు అని లెక్క తేల్చడం. ఎంపీఏ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్) అంటే నడపడం పాలు ఎక్కువ: సిబ్బంది, నిధులు, సంస్థ. ఈ పేర్లకు ఒక కట్టుబాటంటూ లేదు. కాబట్టి డిగ్రీ పేరు చూసి మోసపోకుండా సబ్జెక్టుల పట్టిక చూడండి. పబ్లిక్ అఫైర్స్ అనే మాట అమెరికాలో ఎక్కువగా వినబడుతుంది. టెక్సస్ ఆస్టిన్‌లో ఎల్‌బీజే స్కూలు, మినెసోటాలో హంఫ్రీ స్కూలు ఆ పేరుతోనే ఉన్నాయి. ఇండియానాలో ఓనీల్ స్కూలు, సిరక్యూజ్‌లో 1924లో మొదలైన మాక్స్‌వెల్ స్కూలు కూడా ఇదే కోవ.

చదువయ్యాక ఏమిటన్నది ఇంట్లోవాళ్లు మొదటి రోజే అడుగుతారు కాబట్టి చెబుతున్నా. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలు దాదాపు అన్నీ ఆ దేశ పౌరులకే. విదేశీ విద్యార్థికి మిగిలేవి పరిశోధన సంస్థలు, కన్సల్టింగ్, స్వచ్ఛంద సంస్థలు, అంతర్జాతీయ సంస్థలు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదివితే ఓపీటీ అనే అనుమతి కింద 12 నెలలు పని చేసుకోవచ్చు. కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో నమోదై ఉంటే ఇంకో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. కొన్ని ఎంపీపీ కోర్సులు ఆ జాబితాలో ఉన్నాయి, కొన్ని లేవు. ఫీజు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. మన దేశంలోనైతే రాష్ట్ర ప్రభుత్వాల ప్రాజెక్టు విభాగాలు, విధాన పరిశోధన సంస్థలు, ఎంపీల దగ్గర పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్ లాంటివి ఉన్నాయి. కలెక్టర్ కుర్చీకి మాత్రం ఈ డిగ్రీతో దారి లేదు.

ఇక మీ డిగ్రీ. మూడేళ్ల బీకాం అంటే మొత్తం 15 ఏళ్ల చదువు. చాలా అమెరికన్ విశ్వవిద్యాలయాలు 16 ఏళ్లు అడుగుతాయి. కొన్ని మూడేళ్ల డిగ్రీని నేరుగా ఒప్పుకుంటాయి. కొన్ని డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థ చేత మదింపు చేయించుకు రమ్మంటాయి, అక్కడ మీ డివిజనూ, కాలేజీ న్యాక్ గ్రేడూ లెక్కలోకి వస్తాయి. కొన్ని నిర్మొహమాటంగా కుదరదంటాయి. ఇది ఒక మెయిల్‌తో తేలిపోయే విషయం. డిగ్రీ పేరు, విశ్వవిద్యాలయం పేరు, ఎన్నేళ్ల కోర్సు అనే మూడు ముక్కలు రాసి, దీంతో అర్హత ఉందా అని అడ్మిషన్ల ఆఫీసును అడగండి. దరఖాస్తు ఫీజు కట్టేశాక కాదు, కట్టకముందు. బ్రిటన్‌లో ఈ పేచీ తక్కువ, మూడేళ్ల డిగ్రీ చెల్లుతుంది, కోర్సు చాలాచోట్ల ఒక్క ఏడాదే. ఆక్స్‌ఫర్డ్ బ్లావట్నిక్ స్కూలు ఎంపీపీ కూడా ఏడాది కోర్సే. సింగపూర్‌లో లీ క్వాన్ యూ స్కూలు ఎంపీపీ రెండేళ్లు. ఐరోపాలో ముందస్ మ్యాప్ అనే ఎరాస్మస్ ముందస్ (ఐరోపా యూనియన్ నిధులతో నడిచే ఉమ్మడి మాస్టర్స్) కోర్సు ఉంది, యార్క్, బార్సిలోనా, హేగ్, వియన్నా సంస్థలు కలిసి నడుపుతాయి.

విదేశమే ఎందుకు అన్న ప్రశ్న కూడా వేసుకోండి. హైదరాబాద్‌లో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ప్రాంగణంలో పబ్లిక్ పాలసీ అండ్ గవర్నెన్స్ ఎంఏ ఉంది, 2024 నుంచి టిస్ ప్రవేశాలు సీయూఈటీ-పీజీ అనే జాతీయ ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతున్నాయి. బెంగళూరు నేషనల్ లా స్కూల్లో ఎంపీపీకి సొంత పరీక్ష ఎన్ఎల్‌శాట్. గీతం హైదరాబాద్ ప్రాంగణంలో కౌటిల్య స్కూలు, ముంబై ఐఐటీలో విధాన అధ్యయన కేంద్రం కూడా ఉన్నాయి. మీ మార్కులూ మీ అనుభవమూ చూస్తే ఇవి రెండో రకం ఎంపికలేమీ కావు. నాలుగు విదేశాలకూ, రెండు ఇక్కడికీ వేయడం సబబు. పదిహేను చోట్ల వేస్తే పదిహేనుసార్లు పేరు మార్చి అతికించిన ఎస్ఓపీలే వెళ్తాయి.

ఇప్పుడు ఎస్ఓపీ. నమూనా అడిగారు, ఇవ్వను. నమూనా చూశాక దాన్ని మించి రాయడం ఎవరి తరమూ కాదు. రాజమండ్రిలోనో భీమవరంలోనో కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చే కాగితం ముందు ఇద్దరో ముగ్గురో వాడిందే అయి ఉంటుంది. పైగా విశ్వవిద్యాలయం నుంచి కమిషన్ తీసుకునే ఏజెంటు మీకు సరిపడే చోటికి పంపుతాడా, తనకు ముట్టే చోటికి పంపుతాడా అన్నది మీరే ఆలోచించుకోండి.

మన జిల్లాలవాళ్లకు ప్రత్యేకంగా ఒక జబ్బు ఉంది: మొదటి పేరా కాటన్ దొరతో మొదలుపెట్టడం. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది, 1852కి పూర్తయింది, కరువు సీమ అన్నపూర్ణ అయింది, కాబట్టి నేను పబ్లిక్ పాలసీ చదవాలనుకుంటున్నాను. ఈ రెంటికీ మధ్య వంతెన లేదు. సీటు అడుగుతున్నది కాటన్ కాదు కదా. రెండో జబ్బు రైతు కన్నీళ్లు. మూడోది "చిన్నప్పటి నుంచి ప్రజాసేవ చేయాలని". అడ్మిషన్ల కమిటీలో దరఖాస్తులు చదివేవాళ్ల ముందు వందలుంటాయి, అందులో ప్రజాసేవ వద్దన్నవాడు ఒక్కడూ ఉండడు.

వాళ్లు వెతికేది వేరు. ఒక ప్రజా సమస్యను ఈ మనిషి దగ్గరగా చూశాడా? నిర్ణయం ఎవరి చేతిలో ఉందో తెలుసా? నియమం కాగితం మీద ఒకలా, ఊళ్లో ఇంకోలా ఎందుకు నడుస్తోందో చెప్పగలడా? దాన్ని తేల్చడానికి తన దగ్గర లేని పనిముట్టు ఏదో గుర్తించాడా, అది మా కోర్సులో ఉందా? ఈ నాలుగో ప్రశ్నకు జవాబు లేని ఎస్ఓపీ ఎంత బాగున్నా పత్రికా వ్యాసమే.

మీ పని నుంచే ఒక ఉదాహరణ తీస్తాను. 2019 తర్వాత సంక్షేమ పథకాలకు ఆరు అంచెల పరిశీలన పెట్టారు. పల్లెలో కుటుంబ ఆదాయం నెలకు 10 వేలు మించకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటకూడదు. కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. ట్యాక్సీ, ట్రాక్టరు కాకుండా నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, ప్రభుత్వోద్యోగులు ఇంట్లో ఉండకూడదు. ఇవి మీకు నోటికొచ్చు, రోజూ వీటి మీదే తగాదాలు. బయటివాళ్లకు ఇది బంగారు గని.

మాగాణి, మెట్ట అనే తేడా తీసుకోండి. మెట్ట సీమలో ఆ హద్దుకు అర్థం ఉంది. డెల్టాలో దాదాపు అంతా మాగాణే. కాలువ తలలో ఉండి సార్వా, దాళ్వా (ఖరీఫ్, రబీ వరి) రెండూ పండే ఎకరమూ, శివారులో మురుగు కాలువ పొంగి సార్వా మునిగిపోయే ఎకరమూ రికార్డులో ఒకటే. సముద్రం దాపున ఉప్పు తగిలిన చేనూ అంతే. అంటే శివారులో మూడున్నర ఎకరాలున్నవాడు తలలో రెండున్నర ఎకరాలున్నవాడి కంటే పేదవాడు కావచ్చు. నియమం మాత్రం అతన్నే బయటికి తోస్తుంది. కరెంటు మీటరు చూడండి. ముగ్గురు అన్నదమ్ముల కుటుంబాలు ఒకే పాత ఇంట్లో, ఒకే మీటరు మీద ఉంటే ముగ్గురికీ కలిపి 300 దాటుతుంది. ఆధార్ ఏ సర్వీసు నంబరుకు అతికించారన్న దాని మీద ఒక ముసలమ్మ పింఛను ఆధారపడుతుంది.

ఇలాంటి పొరపాట్లను పాలసీ చదువులో రెండు రకాలుగా విడదీస్తారు: అర్హులు బయట మిగలడం, అనర్హులు లోపలికి రావడం. ఒకదాన్ని తగ్గిస్తే రెండోది పెరుగుతుంది. ఎంత పెరుగుతుంది, ఏ హద్దు దగ్గర నష్టం తక్కువ అని తేల్చడానికి స్టాటిస్టిక్స్ కావాలి. మీకు లేనిది అదీ. "నియమాన్ని అమలు చేసే కుర్చీలో నాలుగేళ్లు కూర్చున్నాను, నియమం ఎక్కడ గురి తప్పుతోందో చూశాను, ఎంత తప్పుతోందో కొలవడం నాకు రాదు, అది నేర్చుకోవడానికి మీ ఫలానా సబ్జెక్టు కావాలి" అనే వాదన మీ ఎస్ఓపీకి వెన్నెముక. గ్రూప్-2 తప్పిన సంగతి అందులో ఎత్తనవసరం లేదు. గ్యాప్ ఉంటే రెజ్యూమేలో ఒక పంక్తి చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. లబ్ధిదారుల పేర్లు, ఆధార్ నంబర్లు, లాగిన్‌లో మీకు మాత్రమే కనబడే పట్టికలు ఎస్ఓపీలోకి గానీ, నమూనా వ్యాసంలోకి గానీ రాకూడదు. అది ఉద్యోగ నియమాల ఉల్లంఘన. పైగా డేటా నీతి మీద పాఠం చెప్పే స్కూలుకి అలాంటి కాగితం పంపితే వాళ్లే పక్కన పెడతారు. అంకెలు కావాలంటే బహిరంగంగా ఉన్నవి వాడండి, లేదా సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తీసుకోండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు గడువు 30 రోజులు. విమర్శ కూడా నియమం మీద చేయండి, ప్రభుత్వం మీద కాదు. ప్రవర్తనా నియమావళి ఒకటుందని మరవకండి, అదే వ్యాసాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టకండి.

ఇదే పరిస్థితిలో ఉండి వేరే పని చేసేవాళ్ల కోసం రెండు ముక్కలు. డెల్టాలో సబ్జెక్టుకి కొదవ లేదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటిస్తే, కారణాలు తేల్చడానికి ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా కమిటీ వేసింది. ఒక రైతు పంట మానేస్తే అది నష్టం, ఊరంతా మానేస్తే అది సంకేతం, ఆ రెంటికీ తేడా ఏమిటన్నది మంచి ప్రశ్న. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇవ్వాలంటే భూయజమాని సంతకం కావాలి. యజమాని తన హక్కుకు ఢోకా లేదని చట్టంలో చదివినా ఎందుకు జంకుతాడు, అదే సర్వే నంబరు మీద తానే పంట రుణం తీసుకుని ఉంటే ఏమవుతుంది అన్నది ఇంకా మంచి ప్రశ్న. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలు, 1999లో 120వ జీవోతో అభయారణ్యమైన కొల్లేరు ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు వరకున్న సరస్సు ప్రాంతం), 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలాక మారిన భద్రత నియమాలు కూడా ఉన్నాయి. ఒక్కటే తీసుకోండి. రెండు తీసుకుంటే రెండూ పైపైనే మిగులుతాయి.

రాసేటప్పుడు కొలతలు మార్చండి. బస్తా అంటే మనకు 75 కిలోల ధాన్యం, మినియాపొలిస్‌లో కూర్చున్నవాడికి ఏమీ కాదు. ఎకరాలు హెక్టార్లలోకి, లక్షలు కోట్లు మిలియన్లలోకి మార్చండి. హెక్టారంటే సుమారు 2.47 ఎకరాలు. సెంట్లు అసలు వాడకండి, అమెరికాలో సెంటంటే చిల్లర డబ్బు. సచివాలయం అని రాస్తే వాళ్లు రాజధానిలో ఉండే సెక్రటేరియట్ అనుకుంటారు. 2019 అక్టోబరు 2న మొదలైన, ఊళ్లోనే ఉండే ప్రభుత్వ సేవల ఆఫీసు అని ఒక వాక్యంలో చెప్పండి. మీ పరిధిలో ఎన్ని ఇళ్లు, ఎన్ని పథకాలు, నెలకు ఎన్ని అర్జీలు అనే మూడు అంకెలు రెజ్యూమేలో ఉంటే "వెల్ఫేర్ అసిస్టెంట్" అనే హోదాకు ప్రాణం వస్తుంది.

ఇంగ్లిష్ భయం ఉంటే ముందు తెలుగులోనే రాసుకోండి, ఎంపీడీవోకి చెబుతున్నట్టు. వాదన తేలాక చిన్న వాక్యాల్లో ఇంగ్లిష్‌లోకి తెండి. ఏఐ చేత మొత్తం రాయిస్తే నున్నగా వస్తుంది, మీ ఊరు మాయమవుతుంది. చాలా స్కూళ్లు దీని మీద సొంత నియమాలు కూడా పెట్టాయి, చదువుకోండి. పొడవు వాళ్లు చెప్పినంతే. ప్రిన్స్‌టన్ లాంటి చోట ఎస్ఓపీతో పాటు విడిగా పాలసీ మెమో అడుగుతారు. మెమోలో కథ ఉండదు. మొదటి పేరాలోనే ఎవరికి రాస్తున్నారు, ఏం చేయమంటున్నారు అన్నది రావాలి. తర్వాత సమస్య, రెండు మూడు ప్రత్యామ్నాయాలు, ఒక్కొక్క దాని ఖర్చూ చిక్కూ, చివర ఎందుకిది మేలు అన్నది. మనవాళ్ల మెమోల్లో మామూలుగా కనబడే తప్పు చిట్టచివరికి గానీ సిఫార్సు రాకపోవడం. దాని పక్కనే ఇంకో తప్పు: "అవగాహన కల్పించాలి" అనే సిఫార్సు. ఎవరు, ఏ నిధితో, ఎవరికి అన్నది లేకపోతే అది సిఫార్సు కాదు, గోడ మీద నినాదం.

గణితం దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ ఫైల్లో అడ్మిషన్ల కమిటీకి సందేహం వచ్చేది అక్కడే. బీకాంలో బిజినెస్ స్టాటిస్టిక్స్, అకౌంట్స్ చదివారు కదా, ఆ మార్కులు బాగుంటే రెజ్యూమేలో పైకి తీసుకురండి. బాగాలేకపోతే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదికలు స్వయం, ఎన్‌పీటెల్‌లో స్టాటిస్టిక్స్ ఒకటి, మైక్రో ఎకనమిక్స్ ఒకటి చేయండి. పాఠాలు ఉచితం, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు కోర్సుకు వెయ్యి రూపాయలు. వీడియోలు చూశానంటే లెక్కలోకి రాదు, పరీక్ష రాసిన సర్టిఫికెట్ లెక్క.

జీఆర్ఈ 2023 సెప్టెంబరు నుంచి కురచైంది: గంటా 58 నిమిషాలు, ఒక వ్యాసం, వర్బల్ (ఇంగ్లిష్) 27 ప్రశ్నలు, క్వాంట్ (లెక్కలు) 27. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. ఫీజు సుమారు 22 వేలు, అందులోనే నాలుగు చోట్లకు స్కోరు పంపవచ్చు. ఆ నాలుగు పేర్లు పరీక్ష రోజు వరకు తేల్చుకోకపోతే తర్వాత ఒక్కోదానికి డబ్బు కట్టాలి. చాలా స్కూళ్లు జీఆర్ఈని ఐచ్ఛికం చేశాయి. 64 శాతం బీకాంకి మాత్రం మంచి క్వాంట్ స్కోరు మేలు చేస్తుంది. నా లెక్కలో 160 దాటితే పంపండి, 155 లోపు వస్తే ఐచ్ఛికమన్న చోట పంపకండి, మధ్యలో వస్తే మిగతా ఫైలు చూసి తేల్చుకోండి. జీఆర్ఈ నడిపే సంస్థ ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ పరీక్షలు రెండూ చివరికి దాచుకోకుండా, ఒకటి మొదటి వారంలోనే రాసి ఎక్కడున్నారో చూసుకోండి. ఇంగ్లిష్ పరీక్షలు టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి, తొందరపడి ముందే రాయకండి.

సిఫార్సు లేఖల దగ్గర మన కాలేజీల నుంచి వెళ్లేవాళ్లకు అసలైన చిక్కు వస్తుంది. మామూలుగా మూడు కావాలి. మీకు ఒకటి చదువు చెప్పిన లెక్చరరు, రెండు పని చూసిన అధికారులు. ఎమ్మెల్యే గారి లెటర్‌హెడ్ మీద వచ్చేది పనికిరాదు. ఆయనకు మీరు తెలియరని మొదటి పంక్తిలోనే తెలిసిపోతుంది. మీ అర్జీల రిజిస్టరు చూసిన పంచాయతీ కార్యదర్శి లేఖ దానికంటే నయం. ఎంపీడీవో గారు మీ పని నేరుగా చూసి ఉంటే ఇంకా నయం. వాళ్ల చేత "శ్రద్ధ గలవాడు, నిజాయితీపరుడు" అని రాయించుకుంటే అది కాండక్ట్ సర్టిఫికెట్ అవుతుంది. ఫలానా వరద సమయంలో లంక గ్రామంలో జాబితా ఎలా సరిచేశారు, ఏ తప్పు మీరే పట్టుకున్నారు అన్న ఒక్క సంఘటన ఉండాలి. దానికోసం మీరే ఒక పేజీలో పని వివరాలు రాసి ఇవ్వవచ్చు, అది తప్పు కాదు. లేఖే రాసి, మీ ల్యాప్‌టాప్ నుంచే ఎక్కించడం తప్పు. చాలా దరఖాస్తు వ్యవస్థల్లో ఏ ఐపీ నుంచి ఎక్కిందో నమోదవుతుంది. డిగ్రీ కాలేజీ లెక్చరర్లకు సంస్థ ఇచ్చిన మెయిల్ ఉండదు, జీమెయిలే ఉంటుంది. అలాంటప్పుడు కాలేజీ లెటర్‌హెడ్, ముద్ర, కాలేజీ ఫోను నంబరు లేఖలో ఉండేలా చూడండి, అవసరమైతే ప్రిన్సిపాల్ గారి మెయిల్ ద్వారా పంపే వీలుందేమో అడగండి. లింకు స్పామ్‌లో పడుతుంది, గడువు తెల్లవారుజామున దాటిపోతుంది. అందుకే గడువుకు నెల ముందే లింకు పంపి, లెక్చరరు గారి పక్కన కూర్చుని అది వచ్చిందో లేదో చూసుకోండి.

కాగితాల్లో ముందుగా పాస్‌పోర్టు. మన పేర్లతో ఇదో తంటా. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, డిగ్రీలో ఇనీషియల్, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో పెడితే, అమెరికా వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, మొదటి పేరు దగ్గర "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఆ మూడక్షరాలు బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా వెంటాడతాయి. ఇంటిపేరు విప్పి, రెండు గడులూ నింపిన పాస్‌పోర్టు తీసుకున్నాకే జీఆర్ఈకి నమోదు చేయండి, ఎందుకంటే పరీక్ష కేంద్రంలో పేరు అక్షరం అక్షరం కలవాలి. మీరు ప్రభుత్వోద్యోగి కాబట్టి ఆఫీసు నుంచి ఎన్ఓసీ తేవాలి, లేదా పైఅధికారికి ముందస్తు సమాచార లేఖ ఇచ్చి ఆ నకలు జతచేయాలి. ఎన్ఓసీ ఆలస్యమయ్యే చోట రెండో దారే నయం.

మార్కుల మెమోలు వేరు, ట్రాన్స్‌క్రిప్ట్ వేరు. ట్రాన్స్‌క్రిప్ట్ విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం ఇస్తుంది, సీలు కవర్లో. మీ ఓడీ (ఒరిజినల్ డిగ్రీ పట్టా) మీద ఏ విశ్వవిద్యాలయం పేరుందో దాని దగ్గరికే వెళ్లాలి. మన కాలేజీల్లో పాత బ్యాచ్‌లకు ఆంధ్ర విశ్వవిద్యాలయం, తర్వాత వాటికి ఆదికవి నన్నయ ఉంటుంది. అంటే ఒకే కాలేజీలో చదివిన అన్న విశాఖ వెళ్లాలి, తమ్ముడు రాజమండ్రి వెళ్లాలి. ఓడీ ఇంకా తీసుకోకుండా పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్)తోనే కాలం గడుపుతుంటే ఇప్పుడే దానికి దరఖాస్తు పెట్టండి. ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు కాలేజీ సర్టిఫికెట్ కూడా అదే రోజు అడిగేయండి. శాతాన్ని మీరే 4 పాయింట్ల జీపీఏలోకి మార్చకండి, ఉన్నది ఉన్నట్టు రాయండి.

డబ్బు. అమెరికాలో రెండేళ్ల ఎంపీపీకి ట్యూషనే ఏడాదికి 30 వేల నుంచి 60 వేల డాలర్లు, కొన్నిచోట్ల అంతకు పైన. స్కాలర్‌షిప్ లేకుండా అంత అప్పు ఈ రంగం జీతాలతో తీర్చడం కష్టం, ఇది ఎంఎస్ కంప్యూటర్స్ కాదు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ జాబితాలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఉంది, కానీ మూడేళ్ల పని అనుభవంతో పాటు నాలుగేళ్ల డిగ్రీ గానీ, మూడేళ్ల డిగ్రీ మీద పీజీ గానీ అడుగుతారు. ఒట్టి బీకాంతో మీకు కుదరదు. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కి 2,800 గంటల పని అనుభవం చాలు, మీ నాలుగేళ్లు దానికి ఎక్కువే. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు ఉంది, మీకు అది అడ్డు కాదనుకుంటా. ఎరాస్మస్ ముందస్ వస్తే ఫీజు పోను నెలకు 1,400 యూరోలు ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీలకే అనుకుంటారు. సంచార, విముక్త జాతులతో పాటు భూమి లేని వ్యవసాయ కూలీల పిల్లలు, సంప్రదాయ చేతివృత్తులవాళ్లు కూడా అర్హులే. మొత్తం 125 స్థానాల్లో వాళ్లకు దక్కేవి కొన్నే, అయినా ఆ గడిలో పోటీకి వచ్చేవాళ్లు తక్కువ. డిగ్రీలో 60 శాతం, వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి.

బ్యాంకు రుణానికి వెళ్లేటప్పుడు మనవాళ్లు కొబ్బరితోట కాగితాలో చేపల చెరువు కాగితాలో పట్టుకెళ్తారు. బ్యాంకు మొహం తిప్పుకుంటుంది. కారణం మేనేజరు మొండితనం కాదు. బాకీ పడితే బ్యాంకు ఆస్తిని నేరుగా స్వాధీనం చేసుకోనిచ్చే 2002 సర్ఫేసీ చట్టం, దాని 31వ సెక్షను ప్రకారమే, వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకని తోట ఎంత విలువైనదైనా తాకట్టుగా పనికిరాదంటారు. ఊళ్లో ఇల్లు, అమలాపురంలో ఇళ్ల స్థలం, ఎఫ్‌డీ అయితే నడుస్తుంది. మామూలుగా ఏడున్నర లక్షలు దాటిన రుణానికే తాకట్టు అడుగుతారు. దేశంలో చదివితే ఈ తలనొప్పి తక్కువ. కేంద్ర విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉన్న సంస్థకు తాకట్టు లేకుండా రుణం ఇస్తారు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపైతే 10 లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ దొరుకుతుంది.

ఉద్యోగానికి ఇప్పుడే రాజీనామా చేయకండి. కమిటీ దృష్టిలో ఇంకా కుర్చీలో ఉన్నవాడి మాటకు బరువు ఎక్కువ. సీటూ డబ్బూ రెండూ కాగితం మీద కనబడ్డాక, స్టడీ లీవు గానీ జీతం లేని సెలవు గానీ మీ కేడరుకు వర్తిస్తుందేమో ఎంపీడీవో ద్వారా రాతపూర్వకంగా అడగండి. నోటిమాట మీద విమానం ఎక్కకండి.

కాలం లెక్క ఇలా వేసుకోండి. వచ్చే ఏడాది ఆగస్టులో తరగతులు కావాలంటే ఈ మార్చికల్లా పాస్‌పోర్టు, ఏప్రిల్ నుంచి ఎన్‌పీటెల్ పాఠాలు, జూన్‌లో జీఆర్ఈ. జులై, ఆగస్టు గోదావరి వరద రోజులు, మీకు ఆఫీసులోనే తెల్లారుతుంది. ఆ రెండు నెలలు ఖాళీగా వదిలేయండి. ఆగస్టులో తెరుచుకునే చీవెనింగ్ గడువు ఒక్కటి మాత్రం క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. సెప్టెంబరులో ట్రాన్స్‌క్రిప్ట్‌లు, సిఫార్సుదారులతో మాట. అక్టోబరు అంతా ఎస్ఓపీ. అమెరికా గడువులు డిసెంబరు, జనవరి. సంక్రాంతికి పని మిగలకూడదు, మిగిలితే అవదు. ఇక్కడి సీయూఈటీ-పీజీ మార్చి ప్రాంతంలో.

ఫలితాలు ఫిబ్రవరి, మార్చిల్లో వస్తాయి. చాలా అమెరికన్ స్కూళ్లు ఆర్థిక సాయంతో ఇచ్చిన సీటుకు ఏప్రిల్ 15 వరకు జవాబు చెప్పే వ్యవధి ఇస్తాయి. రెండు చోట్ల సీటు వచ్చి, ఒకచోట సాయం ఎక్కువైతే, ఆ ఉత్తరం జతచేసి రెండో చోట పెంచమని అడగవచ్చు. మన దగ్గర అది బేరమని సిగ్గుపడతారు, అక్కడ మామూలే. అంకె చెప్పండి, గడువు చెప్పండి, ఇంటి కష్టాలు ఏకరువు పెట్టకండి. ఆ మెయిలు ఐదు వాక్యాలు దాటకూడదు.